మీ ఇంటి కరెంటు మ్యాపు మీరే గీసుకోండి: మీటరు నుంచి ప్లగ్గు దాకా

గీజరు వేసి ఉన్నప్పుడు బాత్రూం కుళాయి తిప్పితే వేళ్లకు జివ్వుమనేది. అమ్మ చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. "చలికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయేమో అనుకున్నా" అంది తర్వాత. ఒకరోజు నాకూ తగిలింది. ఎలక్ట్రీషియన్ వచ్చి గీజరు ప్లగ్గున్న బోర్డు విప్పితే లోపల ఆకుపచ్చ ఎర్తు వైరు ఉంది, కానీ దేనికీ బిగించలేదు. కొస మడిచి పెట్టె మూలకి తోసేశారు. సాకెట్ పై రంధ్రం వెనకున్న స్క్రూ ఖాళీగా మెరుస్తోంది. అప్పటికి ఇల్లు కట్టి ఏడేళ్లు. ఏడేళ్లుగా ఎర్తింగ్ లేని గీజరు కింద నిలబడి స్నానాలు చేశాం.

ఆ రోజు నుంచి తెలిసినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు కేటాయించండి. మీ ఇంట్లో కరెంటు ఎక్కడ మొదలై ఎటు పోతుందో కాగితం మీద గీసుకోండి. ఎలక్ట్రీషియన్ కానవసరం లేదు. నేను చెప్పే పనుల్లో ఎక్కడా స్క్రూ విప్పేది లేదు. విప్పాల్సి వస్తే అది ఎలక్ట్రీషియన్ పని.

కావలసినవి: కాగితం, పెన్ను, టార్చి, టెస్టరు, అంటించే చిన్న స్టిక్కర్లు, ప్లగ్గు ఉన్న ఒక టేబుల్ ల్యాంపు. కాళ్లకు పొడి చెప్పులు వేసుకోండి. చేతులు తడిగా ఉంటే తుడుచుకుని మొదలుపెట్టండి.

మొదట బయటికి వెళ్లండి

స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరును కింద నిలబడి చూడండి, ముట్టుకోవద్దు. సింగిల్ ఫేజు ఇల్లయితే రెండు వైర్లు వస్తాయి: ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. వాటి మధ్య 230 వోల్టులు ఉంటాయి. త్రీ ఫేజు అయితే మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఫేజుకీ ఫేజుకీ మధ్య సుమారు 400 వోల్టులు. కరెంటు ఫేజులో వచ్చి, మన ఫ్యాను తిప్పో బల్బు వెలిగించో, న్యూట్రల్‌లో వెనక్కి పోతుంది. వెళ్లే దారి, వచ్చే దారి రెండూ ఉంటేనే పని జరుగుతుంది. ఆ మొత్తం దారినే సర్క్యూట్ అంటారు.

మూడోదైన ఎర్తు వైరు మీ ఇంటి ఆవరణలోనే, నేలలో పాతిన పైపు నుంచో ప్లేటు నుంచో మొదలవుతుంది. అంతా బాగుంటే అందులో కరెంటు పారదు. గీజరు లోపల ఫేజు వైరు ఇన్సులేషన్ పాడై రేకుకి తగిలిందనుకోండి, ఆ కరెంటు మీ ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికే ఆ వైరు. ఆ ఎర్తు గొయ్యి ఎక్కడుందో వెతకండి. చాలా ఇళ్లలో దాని మీద టైల్స్ వేసేస్తారు, లేదా పూలకుండీ పెట్టేస్తారు. నేల ఎండిపోతే ఎర్తు బలహీనపడుతుంది కాబట్టి వేసవిలో దాంట్లో నీళ్లు పోస్తుండాలి.

ఇంకో సంగతి చూడండి. బట్టలారేసే దండెం ఇనుప తీగా? దాని కొస సర్వీసు వైరుకి ఆనుకున్న పైపుకో, రేకుల షెడ్డు గుంజకో కట్టి ఉందా? వానాకాలంలో మన పల్లెల్లో దండెం మీద బట్టలారేస్తూ షాక్ కొట్టి చనిపోయేవాళ్లున్నారు. సర్వీసు వైరు ఒరుసుకుని తొక్క లేచిపోతుంది, తడి బట్టతో పాటు చెయ్యి తీగ మీద పడుతుంది. ఆ తీగ ఇవాళే తీసేసి నైలాన్ తాడు కట్టండి. మ్యాపు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు మీటరు. దాని మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది. పక్కనే యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200 లేదా 1600. 3200 ఉన్న మీటరైతే, ఇంట్లో అన్నీ ఆపేసి 75 వాట్ల పాత ఫ్యాను ఒక్కటే వేసి చూడండి: నిమిషానికి సరిగ్గా నాలుగు మిణుకులు. 2000 వాట్ల గీజరు వేస్తే నిమిషానికి వంద దాటుతాయి. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. అంటే గీజరు అరగంటకే యూనిట్ తినేస్తుంది, ఆ ఫ్యానుకి పదమూడు గంటలు పడుతుంది. బిల్లు ఎందుకు పెరిగిందో పిల్లలకి చెప్పాలంటే మీటరు ముందు నిలబెట్టి ఇదే చూపించండి, బాగా అర్థమవుతుంది.

అన్నీ ఆపేశాక కూడా లైటు మిణుకుతూనే ఉంటే ఫ్రిజ్, ఇన్వర్టర్, టీవీ సెట్‌టాప్ బాక్సు ప్లగ్గులు పీకి చూడండి. అప్పటికీ ఆగకపోతే ఎక్కడో కరెంటు కారుతోందని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

డీబీ మూత తెరవండి

ఇంట్లో గోడకి ఉన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ) మూత తెరిస్తే వరుసగా చిన్న మీటలు కనిపిస్తాయి. అన్నీ ఒకేలా ఉన్నట్టుంటాయి కానీ అవి చేసే పనులు వేరు. చాలామందికి తెలియనిది ఇక్కడే.

ఒక్కో మీటతో సన్నగా ఉండేవి ఎంసీబీలు. వాటి మీద సి16, సి10, బి6 లాంటి అక్షరాలుంటాయి. అంకె అంటే అది ఎన్ని ఆంపియర్ల దాకా ఓర్చుకుంటుందో. అక్షరం దాని స్వభావం: మోటార్లు, ఏసీలు మొదలైన క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి వాటికి సి రకం, బల్బులు, హీటర్ల లాంటి వాటికి బి రకం. ఎంసీబీ వైరును కాపాడుతుంది. వైరు వేడెక్కి గోడలో అంటుకోకుండా చూడడమే దాని పని. మిమ్మల్ని కాపాడడం దాని పని కాదు. ఒంట్లోంచి ప్రాణం తీసేంత కరెంటు పోతున్నా 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు.

మనిషిని కాపాడేది వాటికన్నా వెడల్పుగా, టి అనే అక్షరంతో చిన్న బటన్ ఉండే ఆర్‌సీసీబీ. ఫేజులో ఎంత వెళ్లింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగి వచ్చింది అని అది అనుక్షణం పోల్చి చూస్తుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరిందంటే సెకనులో మూడో వంతులోపే పడిపోతుంది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి పట్టే కరెంటే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ఆ బల్బు తాగేంత కరెంటు చాలు మనిషి గుండె లయ తప్పడానికి. అందుకే డీబీ తెరవగానే మొదట వెతకాల్సింది ఇది. మీ దాంట్లో ఆ టి బటన్ కనిపించకపోతే, ఉన్నది కరెంటు ఆపడానికి మాత్రమే పనికొచ్చే వట్టి ఐసోలేటర్ స్విచ్ అయి ఉంటుంది. ఈ నెల ఖర్చుల్లో మొదటి ఖర్చు ఆర్‌సీసీబీకే పెట్టండి.

ఉంటే ఆ బటన్ ఒకసారి నొక్కండి. టప్పున పడిపోవాలి. పడలేదంటే అది అలంకారానికి ఉన్నట్టే, మార్పించండి. నెలకోసారి నొక్కి చూడండి. కరెంటు బిల్లు కట్టిన రోజు నొక్కడం మా ఇంట్లో అలవాటు. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి: ఎవరైనా పొడి బల్ల మీద నిలబడి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్లింది వెళ్లినట్టే తిరిగి వస్తుంది కాబట్టి ఆర్‌సీసీబీకి తేడా తెలియదు, పడదు.

కొంతమంది పనివాళ్లు "ఇది ఊరికే పడిపోతోంది సార్, తీసేద్దాం" అంటారు. ఒప్పుకోవద్దు. ఊరికే పడదు. ఇన్వర్టర్ పెట్టినప్పుడు ఇన్వర్టర్ న్యూట్రల్‌నీ మెయిన్ న్యూట్రల్‌నీ కలిపేస్తే లెక్క తప్పి పడుతుంది. తడి చేరిన బోర్డుంటే పడుతుంది. గీజరు కాయిల్ పాడైతే పడుతుంది. కారణం వెతకమనండి.

మ్యాపు గీయడం

ఫ్రిజ్, కంప్యూటర్ ముందే ఆపేయండి. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి, డీబీ దగ్గర ఒకరు నిలబడాలి, ఇంకొకరు గదుల్లో తిరగాలి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపండి, లేకపోతే మీట దించినా లైట్లు వెలుగుతూనే ఉండి తికమక పెడతాయి.

ఎడమ నుంచి మొదటి ఎంసీబీ దించండి. ఏయే గదిలో ఏవి ఆగాయో రాయండి. ఆ గదుల్లోని ప్రతి ప్లగ్గులో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. మీట పైకి లేపి, రెండోది దించండి. చేస్తూ పోతే వింతలు బయటపడతాయి. మా ఇంట్లో వంటింటి మిక్సీ ప్లగ్గు, వెనక బాల్కనీలో వాషింగ్ మెషిన్ ప్లగ్గు, పక్క గది ఇస్త్రీ ప్లగ్గు మూడూ ఒకే సి16 మీద ఉన్నాయి. పక్కనే ఇంకో సి16 మీద గుమ్మం దగ్గరి ఒక్క ప్లగ్గు తప్ప ఏమీ లేదు.

ప్రతి మీటకీ ఒక అంకె ఇచ్చి స్టిక్కర్ అంటించండి. కాగితం మీద గది గదికీ గడి గీసి, ఏ బోర్డు ఏ అంకె కిందికి వస్తుందో రాయండి. బొమ్మ అందంగా లేకపోయినా పర్వాలేదు.

లోడు లెక్క

ప్రతి వస్తువు వెనకా వాట్లు రాసి ఉంటాయి. వాటిని 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మోటారున్న వాటికి ఇది కాస్త తక్కువే చూపిస్తుంది కానీ ఇంటి లెక్కకి చాలు. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, అంటే 8.7 ఆంపియర్లు. కెటిల్ 1500 వాట్లు, 6.5. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, 4.3. మూడూ ఒకే సర్క్యూట్ మీద ఒకేసారి వేస్తే 19.5. ఎంసీబీ 16ది. చిత్రమేమిటంటే అది వెంటనే పడదు. లోపలున్న లోహపు రేకు నెమ్మదిగా వేడెక్కి వంగాక పడుతుంది. కొద్దిపాటి అదనపు లోడయితే చాలాసేపు ఓర్చుకుంటుంది. ఈలోగా వేడెక్కేది గోడలో వైరు.

అందుకే వైరు మందం, ఎంసీబీ అంకె జోడుగా ఉండాలి. లైట్లు, ఫ్యాన్లకి 1.5 వైరు, దాని మీద 6 లేదా 10 ఎంసీబీ. పవర్ ప్లగ్గులకి 2.5 వైరు, 16 ఎంసీబీ. ఏసీకి, పెద్ద గీజరుకి విడిగా 4 వైరు, 20 లేదా 25 ఎంసీబీ. ఆ అంకెలు స్క్వేర్ మిల్లీమీటర్లు, వైరు తొక్క మీదే అచ్చేసి ఉంటాయి. మాటిమాటికీ ఎంసీబీ పడిపోతోందని 16ది తీసి 32ది పెట్టేవాళ్లున్నారు. వైరు పాతదే. ఇక ఆ వైరు కాలిపోతున్నా ఎంసీబీ మాట్లాడదు. పాత ఇళ్లలో ఫ్యూజు తీగ బదులు లావు రాగి తీగ చుట్టడం కూడా ఇదే తప్పు.

గీజరు, ఇండక్షన్ లాంటివి మూడు లావు పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గుకే వాడాలి. లావు పిన్నును సన్న సాకెట్‌లో దూర్చడానికి అమ్మే అడాప్టర్లు ఇంట్లో ఉంటే పారేయండి. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు అసలు వాడొద్దనే నా మాట. తప్పక వాడేవాళ్లు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడే నీళ్లలో వేలు పెట్టాలి.

ప్లగ్గుల తనిఖీ

టెస్టరును ముందు కచ్చితంగా కరెంటున్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోండి. చెడిపోయిన టెస్టరు "కరెంటు లేదు" అని అబద్ధం చెబుతుంది, అది నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. టెస్టరు కొస ఇనుమును తాకకుండా వెనక టోపీ మీద మాత్రమే వేలు పెట్టాలి.

సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కింద కుడి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్. స్విచ్ వేసి ఉన్నప్పుడు కుడి వైపే వెలగాలి. స్విచ్ ఆపాక ఏదీ వెలగకూడదు. ఆపినా వెలిగిందంటే స్విచ్‌ను ఫేజుకి కాకుండా న్యూట్రల్‌కి పెట్టారని అర్థం. బల్బు హోల్డర్ల విషయంలో ఇదే తప్పు జరిగితే ఇంకా ప్రమాదం: స్విచ్ ఆపేశాం కదా అని బల్బు మారుస్తుంటే షాక్ కొడుతుంది. కింది రెండు రంధ్రాలూ వెలిగితే న్యూట్రల్ తెగి ఉండొచ్చు. పై రంధ్రం వెలిగితే ఆ ప్లగ్గును ఆ క్షణం నుంచే వాడొద్దు. పిల్లల కోసం లోపల మూతలు పెట్టిన సాకెట్లలో టెస్టరు దూరదు, బలవంతంగా పొడవకండి.

ఇక మా గీజరు ప్లగ్గు నేర్పిన పాఠం. పై రంధ్రంలో టెస్టరు వెలగలేదంటే ఎర్తు ఉన్నట్టు కాదు. వెనక వైరే లేకపోయినా వెలగదు కదా! మా ప్లగ్గు ఏడేళ్లూ ఆ పరీక్ష పాసయ్యేది. ఎర్తు నిజంగా ఉందో లేదో చెప్పాలంటే వోల్టులు కొలిచే మల్టీమీటరు కావాలి: ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర, ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య కొద్ది వోల్టులే రావాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్రతి ప్లగ్గులో ఈ మూడు కొలతలూ మీ ముందు చూపించమని అడగండి. మూడు చిన్న లైట్లుండే సాకెట్ టెస్టర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి, మామూలు ప్లగ్గులా పెడితే చాలు. తప్పుగా బిగించిన వైరును, ఖాళీగా ఉన్న ఎర్తును అవి పట్టేస్తాయి. ఎర్తు గొయ్యి ఎంత బలంగా ఉందో మాత్రం వాటికి తెలియదు.

తనిఖీలో చెయ్యికీ ముక్కుకీ కూడా పనుంది. గీజరో ఇస్త్రీ పెట్టో పదిహేను నిమిషాలు వాడి, స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, దాని పిన్నులు ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. చురుక్కుమన్నా, సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపించినా, కాలిన వాసన వచ్చినా లోపల స్క్రూ వదులైంది. వదులు స్క్రూ దగ్గర వేడి పుడుతుంది కానీ కరెంటు పెరగదు. కాబట్టి ఎంసీబీకీ తెలియదు, ఆర్‌సీసీబీకీ తెలియదు. దాన్ని పట్టుకోగలిగేది మీరే.

మీట పడిపోతే

కంగారు పడి మళ్లీ మళ్లీ లేపకండి. ఒకసారి లేపి చూడొచ్చు. రెండోసారి పడిందంటే ఏదో ఉంది.

ఎంసీబీ పడితే మ్యాపు చూసి, ఆ అంకె కింద ఉన్న ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్ ఆపితే చాలదు, పీకాలి. ఇప్పుడు మీట లేపండి. నిలబడితే ఒక్కొక్కటే పెడుతూ రండి, ఏది పెట్టగానే పడిందో అదే దొంగ. అన్నీ పీకేసి, లైట్లూ ఫ్యాన్లూ ఆపేసినా పడుతోందంటే లోపం గోడలో, వైరింగ్‌లో ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ మీట కిందే ఉంచండి.

ఆర్‌సీసీబీ పడితే అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీ లేపి, ఎంసీబీలు ఒక్కొక్కటే లేపండి. ఏది లేపగానే పడిందో ఆ సర్క్యూట్‌లో పైన చెప్పినట్టే వెతకండి. అన్ని ఎంసీబీలూ కింద ఉన్నా నిలవకపోతే ఎక్కడో న్యూట్రల్, ఎర్తు కలిశాయి. సింగిల్ ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్‌ను ఆపదు. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి ప్లగ్గూ పీకి చూడాలి.

ఇంకొక లక్షణం చూస్తే మాత్రం ఆలోచించకుండా మెయిన్ దించేయండి: ఒక గదిలో బల్బు కళ్లు చెదిరేలా వెలిగి, ఇంకో గదిలో మసకబారడం, ఫ్యాను ఉన్నట్టుండి పిచ్చి వేగంతో తిరగడం. బయట న్యూట్రల్ తెగితే ఇలా అవుతుంది. 230 రావాల్సిన చోట మూడు వందల పైన వచ్చి టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. మెయిన్ ఆపి 1912కి ఫోన్ చేయండి. లైన్‌మన్ వచ్చి సరిచేశాక కూడా ముందు ఒక బల్బు వేసి చూసి, తర్వాతే మిగతావి వేయండి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ తనంతట తానే మొదలవుతుంది. దాని మీదున్న లైట్లు, ఫ్యాన్ల వైర్లలో అదే 230 వోల్టులు. మెయిన్ ఆపాం కదా అని ఫ్యాను విప్పినవాళ్లకి అక్కడే షాక్ కొడుతుంది. అందుకే మ్యాపులో ఇన్వర్టర్ మీదున్న పాయింట్లన్నిటికీ ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టండి.

ఎవరికైనా షాక్ కొట్టి అంటుకుపోతే చేత్తో లాగకండి. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపండి. ఆపడం కుదరకపోతే పొడి కర్రతో వైరును పక్కకి నెట్టండి. తెగిపడిన లైను వైరయితే దగ్గరికే వెళ్లొద్దు, 1912కి చెప్పి లైను ఆపించాలి. మనిషి విడిపడ్డాక ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి, పక్కవాళ్లు 108కి ఫోన్ చేస్తారు.

మ్యాపు పూర్తయ్యాక ఒక ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకీ పంపండి. అసలు కాగితాన్ని డీబీ మూత లోపలి వైపు అంటించండి. తర్వాత ఇంట్లో ఒక్కొక్కరినీ పిలిచి మెయిన్ దించమనండి. మా అమ్మకి ఆ మీట అందలేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఉండేది ఆవిడే. వడ్రంగి చేత చిన్న కర్ర పీట చేయించి డీబీ కింద పెట్టాం, దాన్ని అక్కడి నుంచి ఎవరూ కదపరు.